పలికిన గొంతు

నడిసముద్రం మీద విమానాలు రాడార్‌కి అందవు. అవి ఎక్కడున్నాయో రేడియోలో అడిగి తెలుసుకోవడమే ఆమె ఉద్యోగం. చేరిన కొత్తలో, ఆమెతో మాట్లాడిన కాసేపటికే ఒక పైలట్ పలకడం మానేశాడు. విమానం జాడే దొరకలేదు. అప్పటినుంచి ఇంట్లో భర్త ఒక్క పిలుపుకు పలకకపోయినా ఆమె గుండె జారిపోయేది.

ఏళ్ళు గడిచాక, ఒక మధ్యాహ్నం రేడియో గరగరల్లోంచి అచ్చం ఆ పైలట్ గొంతే వినిపించింది.

"ఎవరు బాబూ నువ్వు?" అంది, నిబంధనలన్నీ మరిచిపోయి.

"మా నాన్న పోయింది ఈ దారిలోనేనమ్మా. ఆయన చివరిసారి మాట్లాడింది మీతోనేనా?"

"నాతోనే నాన్నా. నవ్వుతూ మాట్లాడాడు."

అతను తీరం చేరేదాకా ఆమె ఊరికే పిలుస్తూనే ఉంది. అతను ప్రతిసారీ పలికాడు. అయినా పలుకుతున్నది కొడుకో, తండ్రో ఆమెకు తెలియడం లేదు.