మాస్టారికి అప్పగించిన ఆటలు

మొన్న మా అమ్మాయికి ఇంజెక్షన్ చేయించడానికి తీసుకెళ్తే, నర్సు దూది మీద స్పిరిట్ పోసి పిల్ల చేతికి రాసింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా మొహం మారిపోయిందట. “సూది పాపకండీ, మీక్కాదు” అని నర్సు నవ్వింది. నేనూ నవ్వేశాను. సూదంటే నాకు భయం లేదు. ఆ వాసన వస్తే మా సోమయాజులు మాస్టారి ముందుగదీ, ఆ గదిలో రెండు రోజులు కూర్చుని నేను చేసిన నిర్వాకమూ గుర్తొస్తాయి. ఇరవై ఏళ్లు కావస్తోంది, ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మాస్టారు అమలాపురంలో లెక్కలు చెప్పేవారు. వాళ్ల నాన్నగారు వేదం వల్లె వేసి పేరు తెచ్చుకున్న పెద్దాయన. మాస్టారు కూడా చిన్నప్పుడు కొంత నేర్చుకుని, ఆపైన లెక్కల్లోకి వచ్చేశారు. నుదుట విభూతి, తెల్ల పంచె, చేతిలో టీవీ గేమ్ రిమోట్. కొత్తవాళ్లు చూస్తే నోరు తెరిచేవారు గానీ మాకు అలవాటైపోయింది. తొంభైలలో మా వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు సెలవుకు వస్తూ టేప్‌రికార్డర్లతో పాటు పిల్లలకు టీవీ గేములు కూడా తెచ్చేవారు. పిల్లాడు పదో తరగతికి రాగానే ఇంట్లో యుద్ధం మొదలయ్యేది. తండ్రి ఆ పెట్టెనీ క్యాసెట్లనీ తువ్వాల్లో మూటగట్టి మాస్టారి గుమ్మంలోకి వచ్చేవాడు. “పరీక్షలయ్యేదాకా మీ దగ్గరుంచండి మాస్టారూ. ఇంట్లో ఎక్కడ దాచినా లాగేత్తన్నాడండి.” మాస్టారు “ఆయ్, అలాగే” అనేవారు. పదయ్యాక ఇంటరు, ఇంటరయ్యాక ఎంసెట్టు. వెనక్కి తీసుకెళ్లే నాథుడు లేడు. అలా ఆయన బీరువా నిండిపోయింది. ఈ రోజుల్లో నాలాంటివాళ్లం డబ్బు పోసి పాత ఆటలు కొనుక్కుని కలెక్టర్లమని చెప్పుకుంటున్నాం. ఆయన మాత్రం ఒక్కటీ కొనలేదు, నలుగురూ దాచమంటే దాచారు.

మాది బండారులంక. నాన్నది మగ్గం పని. మా మావయ్య కువైట్ నుంచి తెచ్చిన పెట్టెను, నేను పదిలోకి రాగానే, నాన్న నాకు చెప్పకుండా ఆ ఇంటికి చేరవేశారు. నేను అసలే మొండిఘటాన్ని. సైకిలేసుకుని ఎండలో అమలాపురం వెళ్లి మాస్టారి గుమ్మంలో నిలబడ్డాను.

“నా గేమ్ నాకిచ్చెయ్యండి మాస్టారూ.”

“నీదా? ఎవరిచ్చారు?”

“మా మావయ్య తెచ్చేడండి. కువైట్‌లో ఉంటాడు.”

“అక్కడేం పని చేస్తాడమ్మా?”

ఆఫీసరని బళ్లో అందరికీ చెప్పుకున్నాను గానీ, ఆయన ముందు అలా అనబుద్ధి కాలేదు. “తెలీదండి” అన్నాను.

“తెలుసుకుని రా. తెచ్చినవాడి కష్టం తెలియకుండా వస్తువు నాదీ అనకూడదు.”

తిట్టుకుంటూ ఇంటికొచ్చి అమ్మనడిగాను. మావయ్య ఒక షేకు ఇంట్లో వంటవాడు. వేసవిలో పొయ్యి దగ్గర స్పృహ తప్పి పడిపోయిన ఏడాదే నాకు ఆ పెట్టె కొన్నాడు. అది విన్నాక ఆట అడగడానికి నాకు మనసొప్పలేదు. మాస్టారికి ఆ సంగతి చెప్పి వెళ్లిపోదామనే వెళ్లాను. ఆయన అంతా విని, పక్కకు జరిగి, టీవీ ముందు చాప చూపించారు.

ఆదివారం మధ్యాహ్నాలు ఆ చాప మీద అయిదారుగురం ఉండేవాళ్లం. ముందు వాకిట్లో లెక్కలు, తర్వాత ఆట. ఆటకు ముందు ఒక నియమం ఉండేది. చేతిలోకి తీసుకున్న క్యాసెట్‌ను పరిచయం చెయ్యాలి. ఎవరు తెచ్చారు, ఏ దేశంలో ఏ పని చేసి తెచ్చారు, ఏ ఊరివాళ్లు, ఆఖర్న మన పేరు. “మాలో పెద్దలకు నమస్కారం చేసేటప్పుడు ప్రవర చెప్పుకుంటాం. ముందు ఋషులు, తర్వాత గోత్రం, అన్నిటికంటే చివర మన పేరు. క్యాసెట్‌కైనా అంతే” అనేవారు మాస్టారు. మేం కిసుక్కున నవ్వుకుంటూనే గడగడా అప్పజెప్పేవాళ్లం. ఒకసారి నేను తొందరలో నా పేరు ముందు చెప్పేస్తే, “అబ్బో, నువ్వే పుట్టించావుటే?” అని మళ్లీ మొదట్నుంచి చెప్పించారు.

చాలా క్యాసెట్ల మీద పేర్లు రాసి ఉండేవి. గల్ఫ్‌లో ఒక్కో గదిలో పది మంది ఉండేవారు కాబట్టి సబ్బు పెట్టె దగ్గర్నుంచి ప్రతి వస్తువు మీదా మార్కర్ పెన్నుతో పేరు రాసుకునేవారట. అందులో ఒకటి బూడిదరంగు క్యాసెట్. దాని మీద ‘సూరిబాబు ఉప్పలగుప్తం’ అని ఉండేది. పేరు పెద్ద పెద్ద అక్షరాలతో మొదలై, ఊరి దగ్గరకొచ్చేసరికి చోటు చాలక ఇరుకైపోయి, ఆఖరి రెండక్షరాలు పక్క అంచు మీదకు దిగిపోయాయి. అది చూసి మేం నవ్వేవాళ్లం. సూరిబాబు గారు మస్కట్‌లో తాపీపని చేసేవారు, తమ్ముడి కోసం ఆ ఆట తెచ్చారు, మళ్లీ వెళ్లి అక్కడే పోయారు. అది దాని ప్రవర. పోయారు అన్న ముక్క కూడా మేం గడగడానే చెప్పేవాళ్లం.

ఆ తర్వాత నేను ఎంసీఏ చదవడానికి హైదరాబాద్ వెళ్లాను. రెండువేల మూడో, నాలుగో. హాస్టల్ పక్క నెట్ సెంటర్లో పాత వీడియో గేములు పోగుచేసేవాళ్ల గుంపొకటి దొరికింది. కొత్తగా చేరినవాళ్లు తమను తాము పరిచయం చేసుకోవాలి. ఊరు, మొదటి ఆట, దగ్గరున్న క్యాసెట్లు, వాటి ఫొటోలు. అందరివీ అద్దంలా తళతళలాడుతున్నాయి. క్యాసెట్ మీద పెన్ను గీత ఉంటే లోపమట. దాన్ని స్పిరిట్‌తో ఎలా తుడవాలో పూసగుచ్చినట్టు రాసుకున్నారు. నా దగ్గర ఉన్నదేమిటి, మావయ్య ఇచ్చిన నాలుగు క్యాసెట్లు. కానీ మాస్టారి బీరువా ఉందిగా. కోనసీమ నుంచి కూడా ఒకమ్మాయి ఉందని వాళ్లందరూ కళ్లప్పగించి చూడాలి, అదీ నా ఆశ.

ఆ ఏడాది సెలవులకు ఊరొచ్చినప్పుడే మాస్టారు కంటి ఆపరేషన్‌కు రాజమండ్రి వెళ్తూ ఇంటి తాళం నాకిచ్చారు. స్పిరిట్ సీసా, దూది పొట్లం పెట్టుకుని కూర్చున్నాను. రెండు రోజులు. ఒక్కొక్క పేరూ దూదికి నల్లగా అంటుకుని వచ్చేస్తుంటే, నిజం చెబుతున్నాను, నాకు భలే తృప్తిగా ఉండింది.

నాలుగో రోజున మాస్టారు నల్ల కళ్లద్దాలతో వచ్చారు. గుమ్మంలోనే ఆగి, “ఆసుపత్రి వాసన నా వెంటే వచ్చిందేమిటే?” అన్నారు. నేను గర్వంగా బీరువా తెరిచాను. ఆయన ఒక క్యాసెట్ తీసి వేళ్లతో తడిమి, నా చేతికిచ్చారు.

“నాకింకా మసకగా ఉంది. పేరు చదువు.”

“పేర్లు లేవండి. తుడిచేశాను.”

“అన్నీనా?”

“ఆయ్.”

ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. కాసేపటికి కాగితాలూ కత్తెరా తెమ్మన్నారు. నేను ఆట పేరు, క్యాసెట్ రంగు చెబుతుంటే ఆయన కళ్లు మూసుకుని తెచ్చినవారి పేరూ ఊరూ చెప్పారు. ఒక్కటీ తడబడలేదు. చీటీలు రాసి అంటించాక నా ప్రాణం కుదుటపడింది. “ఏం పోలేదు కదండీ” అన్నాను.

వారం తర్వాత ఒక పొద్దున్న, మాస్టారు జపంలో ఉండగా, ఉప్పలగుప్తం నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు దుర్గ. ఇంటర్ చదువుతోంది. సూరిబాబు గారి కూతురు.

“మా నాన్న పోయినప్పుడు నాకు అయిదేళ్లండి. ఇంట్లో ఆయన రాతంటూ ఏం లేదండి. పాస్‌పోర్టు మీద కూడా వేలిముద్రేనండి. ఉత్తరాలు గదిలోవాళ్ల చేత రాయించేవోరంట. అక్కడికెళ్లేకే పేరు, ఊరు రాయడం నేర్చుకున్నారంట. మీ దగ్గరున్న క్యాసెట్టు మీద ఆయన చేత్తో రాసిందుందని మా బాబాయి చెప్పేరండి. ఒక్కసారి చూసెల్తానండి.”

“కూర్చో, తెస్తాను” అని లోపలికి వెళ్లాను. బూడిదరంగు క్యాసెట్ తీసి చీటీ పీకేశాను. ఆ రాత నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. మార్కర్ తీసి అచ్చం అలాగే రాశాను. పెద్ద అక్షరాలు, ఇరుకైన ఊరు, అంచు మీదకు దిగిన ఆఖరి రెండూ. చెయ్యి దించేసరికి వెనకాల మాస్టారు ఉన్నారు.

“ఆ పిల్ల సంతోషిస్తుందండి” అన్నాను, ఆయన ఏమీ అడక్కుండానే.

“సంతోషిస్తుంది. ఇంటికి పట్టుకెళ్లి రోజూ కళ్లకద్దుకుంటుంది. నీ రాతని.”

“మరేం చెయ్యమంటారండి?”

“చెరపడం తెలియక చేశావు. ఇది తెలిసి చేస్తున్నావు. ఇస్తానంటే నేను అడ్డం రాను, ఆ పిల్లకు చెప్పను కూడా చెప్పను. నీ ఇష్టం.”

ఆ క్షణాన ఆయన మీద నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది, వద్దని లాక్కున్నా బాగుండేది. నిర్ణయం నా నెత్తినే పెట్టి ఆయన జపం పీట మీదకు వెళ్లిపోయారు. నేను స్పిరిట్ సీసా తీసి, తడి ఆరకముందే నా రాతను తుడిచేశాను. ఖాళీ క్యాసెట్ పట్టుకుని బయటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను, ఇప్పుడే రాసి చెరిపిన సంగతితో సహా.

దుర్గ క్యాసెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. “ఎందుకండీ తుడిచేరు?” అంది.

“శుభ్రంగా ఉండాలని.”

“మా నాన్న పేరు మురికాండీ?”

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అక్కడే నిలబడి ఆ పిల్ల ముందే ఏడ్చాను. ఆ పిల్ల ఓదార్చలేదు, ఓదార్చాల్సిన పనీ లేదు. చాలాసేపటికి సంచిలోంచి నోట్సు తీసి, చివరి పేజీ తెరిచి నా ముందు పెట్టింది. “ఎలా రాసేవోరండీ? చూపించండి.” రాశాను. ఏ అక్షరం దగ్గర పెన్ను నొక్కినట్టుండేదో, ఎక్కడ చోటు చాలలేదో చెబుతూ రాశాను. “మళ్లీ” అంది. మళ్లీ రాశాను. మూడోసారి పెన్ను తను తీసుకుని కింద తనే రాసింది. నేను దిద్దాను. నాలుగైదు సార్లకు కుదిరింది. ఆ పేజీ చూసుకుంటూ, “ఆయన ఇలా రాసేరా” అంది మెల్లగా. క్యాసెట్ పట్టుకెళ్లమంటే వద్దంది. నన్ను క్షమించానని అనలేదు, ఆ తర్వాత మళ్లీ రాలేదు.

ఆ మధ్యాహ్నం మాస్టారు నన్ను పిలిచి పలక ఇచ్చారు. “సూరిబాబు గారిది రాయి” అన్నారు. రాశాను. అప్పట్నుంచి ఎప్పుడు సెలవులకు వెళ్లినా, కాఫీ కంటే ముందు అదే మాట. నేను రాసేదాకా ఊరుకునేవారు కాదు. ఉద్యోగం వచ్చాక వెళ్తే రాయించారు, పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వెళ్తే కాబోయే ఆయన ముందే రాయించారు. నాకు సిగ్గేసి, “ఎన్నిసార్లండీ మాస్టారూ, వచ్చేసిందిగా” అన్నాను. “వచ్చిందని వల్లె వెయ్యడం మానేస్తే నాలుగు తరాల మంత్రమైనా పోతుంది. మా నాన్న నాకు చెప్పింది అదే” అన్నారు.

మాస్టారు పోయి చాలా కాలమైంది. ఆయన ఉండగా విసుక్కున్నాను గానీ ఇప్పుడు రాయమనేవాళ్లు లేరు, అదే బాధ. సూరిబాబు గారు మస్కట్‌లో పోయారు, ఆయన చేతి గుర్తును నేను పోగొట్టాను. ఆయన రాత ఇప్పుడు ఈ లోకంలో రెండు చేతులకే వచ్చు. దుర్గ రాస్తూ ఉందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం వారానికోసారైనా, చేతికి దొరికిన కాగితం మీద, రాసి చూసుకుంటూ ఉంటాను.