దువ్వెనత్త ఇచ్చిన జాబితా

మా మేనత్త ఎదుటి మనిషి మొహం చూసి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. తల చూసి మాట్లాడుతుంది. మీరెంత పొడుగైనా, ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నా, ఆవిడ ముందు నిలబడ్డారంటే ఆ కళ్ళు నేరుగా మీ పాపిట్లోకి వెళ్ళిపోతాయి. రెండో నిమిషంలో చెయ్యి వెళుతుంది. మూడో నిమిషంలో మీరు స్టూలు మీద మెడ వంచుకుని కూర్చుని, "నేను వేరే పని మీద వచ్చానండీ" అని నేలకి చెప్పుకుంటూ ఉంటారు.

ఆవిడ బళ్ళో ఆయా. గంట కొట్టడం, గదుల తాళాలు తియ్యడం, కడుపునొప్పి అన్న పిల్లల్ని పడుకోబెట్టడం ఆవిడ అసలు పనులు. అవేవీ ఎవరికీ గుర్తుండవు. అందరికీ ఆవిడ దువ్వెనత్త. గేటు పక్కన సామాన్ల గదికి ఒక్కటే కిటికీ. దాని వెలుతురు పడేచోట స్టూలు, గోడకు మేకు, మేకుకు పేల దువ్వెన, కింద నూనె సీసా, మడతపెట్టిన తెల్లగుడ్డ. పెద్ద పెద్ద డాక్టర్ల గదుల్లో కూడా వస్తువులు అంత వరసగా ఉండగా నేను చూడలేదు.

మనుషుల్ని గుర్తుపట్టేది కూడా తలలతోనే. ఓసారి బజార్లో ఒకాయన నమస్కారం పెడితే అత్త కూడా పెట్టింది.

"ఎవరత్తా ఆయన?"

"రెండు సుళ్ళాయన. కుడిచెవి వెనకాల పుట్టుమచ్చ."

"అది కాదు, పేరు?"

"పేరుతో నాకేం పనిరా?"

ఆయన బ్యాంకు మేనేజరని తర్వాత తెలిసింది. ఇంకోసారి పాత ఫోటో ఒకటి చూపిస్తే అటూ ఇటూ తిప్పి, "వీడెవడు?" అంది. "మా నాన్న. నీ సొంత తమ్ముడు" అన్నాను. "టోపీ పెట్టుకుని నిలబడితే ఎలా తెలుస్తుందిరా, మనిషిని పూర్తిగా తియ్యొద్దూ!" అని ఫోటో తీసినవాణ్ణి తిట్టింది.

పోనీ తల చూసి ఊరుకుంటుందా అంటే, అసలు హింస అక్కడే మొదలవుతుంది. చూశాక ఏమున్నాయో, ఏం లేవో ఎవరికీ చెప్పదు. దువ్వెన ఒక్కసారి కుదురు నుంచి కొసదాకా లాగుతుంది, తెల్లగుడ్డకు తుడుస్తుంది, ఓసారి చూసి వెంటనే మడిచేస్తుంది. తల ఇచ్చినవాడు మెడ ఎంత సాచినా ఏమీ కనబడదు. చివర్లో చిన్నా పెద్దా అందరికీ ఒకటే మాట: "మూడ్రోజులకి మళ్ళీ రా."

కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయన ఓసారి ఇలాగే చిక్కాడు.

"అంటే... ఉన్నాయా అమ్మా?"

"మూడ్రోజులకి రా అన్నాను."

"ఉంటే ఉన్నాయనండి, లేకపోతే లేవనండి. ఇంట్లో పిల్లలున్నారు!"

"వాళ్ళని కూడా తీసుకురా."

పాపం ఆయన ఒక చేత్తో తల గోక్కుంటూ, ఇంకో చేత్తో అంకెలు వేసుకుంటూ వీధంతా తిరిగాడు. ఆ నెల మా వీధిలో ఏ ఒక్క ఇంటికీ సరైన బిల్లు రాలేదు.

అందరికంటే ఎక్కువ బాధపడ్డవాణ్ణి నేను. ముప్ఫయ్యేళ్ళు నిండకముందే నా తల నున్నగా అయిపోయింది. నాది బడి ఎదురుగా మిషన్లు బాగుచేసే చిన్న షెడ్డు. బళ్ళో పంపు చెడినా, గేటు తాళం పట్టేసినా నేనే వెళ్ళాలి. వెళ్ళిన ప్రతిసారీ స్టూలెక్కించేది.

"అత్తా, నా తల మీద పేను దాక్కోవడానికి చోటెక్కడుందే?"

"కూర్చోరా అల్లుడూ."

నూనె రాసేది. లేని జుట్టును నాలుగు పాయలు తీసేది. పాయకో నాలుగుసార్లు దువ్వెన లాగేది. వరసలో నిలబడ్డ పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. చివరికి గంభీరంగా, "మూడ్రోజులకి రా." పెద్దతనం వచ్చి బుర్ర కాస్త సడలిందేమో అనుకునేవాణ్ణి.

కానీ పని దగ్గర ఆవిడ బుర్ర సడలలేదని నాకొకటి ఋజువుంది. కొన్న దువ్వెనల పళ్ళు పక్కకి వంగిపోతున్నాయని నన్ను ఉక్కుతో చెయ్యమంది. వారం రోజులు రేకు కోసి, ఆకురాయి పట్టి, పన్నూ పన్నూ నునుపు చేసి పట్టుకెళ్ళాను. అత్త తన జడలోంచి ఒక్క వెంట్రుక పీకి, పళ్ళ మధ్య ఒక్కో సందులో లాగి చూసింది.

"పదకొండో సందు వదులు."

"నేను కొలిచే చేశానత్తా."

"మళ్ళీ కొలిచి చూడు."

కొలిచాను. వదులే. ఇరవయ్యేళ్ళుగా పనిముట్లతో కొలుస్తున్నవాణ్ణి ఒక తలవెంట్రుక ముందు ఓడిపోయాను. ఆ రోజు నుంచీ దువ్వెన విషయంలో ఆవిడ మాటకు ఎదురు చెప్పలేదు. కిరసనాయిలు రాస్తామని వచ్చిన తల్లుల్ని, "ఇంట్లో పొయ్యి లేదా, పిల్లదాని నెత్తిన వెలిగిస్తావా?" అని తరిమేది. మురికి వల్ల పేలు పడతాయన్నవాళ్ళకి, "దానికి మురికీ శుభ్రం తెలియదమ్మా. తలా తలా ఆనిస్తే చాలు, నడిచొచ్చేస్తుంది" అని చెప్పేది. గుడ్లు పిల్లలవుతూ ఉంటాయి కాబట్టి ఒక్కసారి దువ్వితే లాభం లేదు, మూడ్రోజులకోసారి, రెండు వారాలు. అంతే ఆవిడ వైద్యం.

ఇలా ఉండగా బడికి కొత్త పెద్ద మేడమ్ వచ్చింది. చెడ్డమనిషి కాదు. నోటీసు బోర్డు అంటే మహా ఇష్టం. మంచినీళ్ళు వృథా చెయ్యరాదు, మెట్ల మీద పరిగెత్తరాదు, గోడకు ఆనుకోరాదు అని రోజుకొకటి అంటించేది.

ఒక శుక్రవారం, మూడో తరగతి పిల్ల తల్లి ఒకామె అగ్గిపెట్టె పట్టుకుని పెద్ద మేడమ్ గదికి వచ్చింది. నేను ఆ గదిలోనే ఫ్యాను విప్పుకుని కూర్చున్నాను. అత్త నిచ్చెన పట్టుకుని ఉంది. అగ్గిపెట్టె తెరిస్తే అందులో ఒక పేను.

"మా అమ్మాయి తలలో దొరికింది. ఇది మా ఇంటిది కాదు" అంది ఆ తల్లి.

"మరెవరిదమ్మా? మీద అడ్రసేమైనా రాసుందా?" అంది అత్త.

"ఎవరిదో అందరికీ తెలుసు. ఆ లారీ డ్రైవరు కూతురు, నడుందాకా జడ వేలాడేసుకుని తిరుగుతుందే, ఆ పిల్లది. పక్కన కూర్చోవద్దని మా అమ్మాయికి చెప్పేశాను. అందరి తల్లులకీ చెప్పాను."

ఆ జడపిల్ల నాకు తెలుసు. తల్లి పోయాక తండ్రే జడ వెయ్యడం నేర్చుకున్నాడు. సరుకు మీద తాడు బిగించినట్టు బిగించేవాడు. ఆ ముడి బడి కూలినా ఊడేది కాదు. తల్లి పెంచిన జుట్టని ఆ పిల్ల అంగుళం కూడా కత్తిరించనిచ్చేది కాదట.

పెద్ద మేడమ్ అగ్గిపెట్టె వంక చూసి, కుర్చీ వెనక్కి జరుపుకుంది. "ఆయమ్మా, ఎవరెవరి తలల్లో ఉన్నాయో సోమవారానికి నాకు జాబితా కావాలి. బోర్డు మీద పెడతాను. ఆ పేర్లున్నవాళ్ళు జుట్టు పొట్టిగా కత్తిరించుకునే క్లాసులోకి రావాలి."

"సరేనమ్మా" అంది అత్త.

బయటికొచ్చేసరికి జడపిల్ల తలుపు పక్కనే ఉంది. అంతా విన్నట్టుంది. జడను చొక్కా లోపలికి దోపేసుకుని, పైన చేత్తో పట్టుకుంది.

"ఆయమ్మా, నా పేరు రాస్తావా?"

"రాస్తానే" అంది అత్త.

ఆ పిల్ల వెళ్ళి ఆఖరి బెంచీలో ఒక్కతే కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. "నీకు మనసుందా అత్తా? రాయనని చెబితే నీ నోరు పడిపోతుందా?" అన్నాను.

"ఫ్యాను సగంలో వదిలేశావు. వెళ్ళి బిగించు" అంది.

ఆదివారం పొద్దున్నే చంకలో హాజరు పట్టీలు పెట్టుకుని షెడ్డుకి వచ్చింది. "నా రాత ఎవరికీ అర్థం కాదు. నువ్వు రాయి. పైన రెండు గీతలు ఖాళీ వదులు."

రాయడం మొదలెట్టాను. ఒకటో తరగతి మొదటి నంబరు, రెండో నంబరు, మూడో నంబరు. నలభై దాటాక పెన్ను ఆపాను.

"ఇంతమందికి ఉన్నాయా?"

"రాయి."

ఐదు తరగతులూ రాయించింది. పేర్లలో జడపిల్లా ఉంది, అగ్గిపెట్టె తల్లి కూతురూ ఉంది. తర్వాత టీచర్లు. గుమాస్తా. ఆ తర్వాత అగ్గిపెట్టె తల్లి.

"ఇప్పుడు పైన, ఖాళీ వదిలిన చోట, పెద్ద మేడమ్ పేరు రాయి."

"అత్తా! ఉద్యోగం పోతుంది."

"తాళంచెవులు తిరిగిచ్చేసి వస్తాను. రాయి. రెండో గీతలో నీ పేరు."

"నేను బళ్ళో చదవట్లేదు. పైగా నాకు జుట్టే లేదు!"

అత్త మొదటిసారి నా మొహంలోకి చూసింది. "నీ తల నీ కోసం చూస్తున్నాననుకున్నావట్రా ఇన్నేళ్ళూ? పేలున్న పిల్లల్నే పిలిస్తే, ఆ స్టూలెక్కిన ప్రతి పిల్లా పేలపిల్ల అయిపోతుంది. మీటరాయన్ని, మేనేజర్ని, నీ గుండునీ కూర్చోబెడితే పిల్లలు నవ్వుతారు. నవ్వుకుంటూ వచ్చి వరసలో నిలబడతారు. ఆ వరసలో ఎవరికున్నాయో ఎవరికి తెలుసు?"

నేను పెన్ను అందుకుని నా పేరు గుండ్రంగా, కాస్త పెద్దక్షరాలతో రాసుకున్నాను.

సోమవారం ఫ్యానుకి చివరి మరలు బిగించే వంకతో నేను కూడా ఆ గదికి చేరాను. అగ్గిపెట్టె తల్లి కుర్చీలో సర్దుకుని కూర్చుంది. పెద్ద మేడమ్ కాగితం విప్పింది. కళ్ళజోడు సవరించుకుంది.

"ఇదేమిటి, మొదటి పేరు నాది?"

"అవునమ్మా."

"నా తల మీరెప్పుడు చూశారు?"

"మీరు చేరిన రోజు. తాళాలిచ్చేటప్పుడు. మూడ్రోజులకి రమ్మన్నాను. రాలేదు."

అగ్గిపెట్టె తల్లి కిసుక్కున నవ్వింది.

"మీది ఆఖరి పేరమ్మా" అంది అత్త అటు తిరిగి.

నవ్వు ఆగింది. చెయ్యి మెల్లగా చెవి వెనక్కి వెళ్ళింది. పెద్ద మేడమ్ పెన్సిలు తీసి కొప్పులో అటూ ఇటూ కదిపింది. గుమాస్తా గోడకి తల రుద్దుకున్నాడు. చెబితే నమ్మరు, నిచ్చెన మీద నాకు కూడా దురద పుట్టింది.

"ఇంతమందికి నిజంగా ఉన్నాయా?" అంది పెద్ద మేడమ్ నీరసంగా.

"ఎవరికి ఉన్నాయో నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదమ్మా. ఇప్పుడూ చెప్పను. వద్దంటే పని మానేస్తాను. బోర్డు మీద పెడితే మాత్రం మొత్తం పెట్టండి. కత్తిరింపు మీతో మొదలవ్వాలి."

పెద్ద మేడమ్ కిటికీలోంచి చూసింది. ఆవరణలో పిల్లలంతా ఆడుతున్నారు. జడపిల్ల ఒక్కతే కొళాయి దగ్గర వీపు గోడకానించి నిలబడి ఉంది, జడ ఎవరికీ కనబడకుండా. గోడకు ఆనుకోరాదన్న నోటీసు ఆ పిల్ల తలమీదే ఉంది. మేడమ్ ఆ నోటీసు సంగతి ఎత్తలేదు. కాగితాన్ని సొరుగులో పడేసి తాళం వేసింది. కొప్పు పిన్నులు ఒక్కొక్కటే తీస్తూ, "ఆ స్టూలెక్కడుందో చూపించండి" అంది.

బడి బడంతా కిటికీల దగ్గర మూగి చూస్తుండగా పెద్ద మేడమ్ మెడ వంచింది. రెండోవాణ్ణి నేను. పిల్లలు ఎంత నవ్వారంటే, మూడో స్థానం కోసం తోపులాట జరిగింది. తోపులాటలో జడపిల్ల చొక్కాలోంచి జడ బయటికొచ్చిందని ఆ పిల్ల కూడా గమనించలేదు.

రెండు వారాలు, మూడ్రోజులకోసారి వరస నడిచింది. లారీ డ్రైవరు వచ్చి, నాలుగు పాయలు తియ్యడం నా గుండు మీద చూసి నేర్చుకుని వెళ్ళాడు. ఆఖరి బెంచీలో ఆ పిల్ల పక్కన ఇద్దరు చేరారు. వాళ్ళలో ఒకతె అగ్గిపెట్టె తల్లి కూతురు.

చివరి రోజు వరస అయిపోయాక పెద్ద మేడమ్, "ఆయమ్మా, జాబితాలో ఒక్క పేరు తక్కువైంది. మీది" అంది. "మీ తల ఎవరు చూస్తారు?"

అత్త బిత్తరపోయింది. ముప్ఫయ్యేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "నాకెందుకమ్మా..." అంటూ వెనక్కి జరుగుతుంటే, జడపిల్ల ముందుకొచ్చి, అత్త రెండు భుజాలూ పట్టుకుని స్టూలు మీద కూలేసింది. నూనె రాసింది. నాలుగు పాయలు తీసింది. పై పెదవి కొరుక్కుంటూ దువ్వెన కుదురు నుంచి కొసదాకా లాగి, గుడ్డ మీద తుడిచి, వంగి చూసింది.

పెద్ద మేడమ్ ఆత్రం ఆపుకోలేక ఆ పిల్ల భుజం మీంచి తొంగిచూసి, "ఏమైనా ఉన్నాయా?" అంది.

జడపిల్ల తల కూడా ఎత్తలేదు.

"కాస్త పక్కకి జరగండి మేడమ్. వెలుతురుకి అడ్డొస్తున్నారు."