పడవలో పెట్టిన బొగ్గుల కుంపటి

1948 వానాకాలం. ఇబ్రహీంపట్నం బజారులో నాది చిన్న రేకుల దుకాణం. బకెట్లు, కందిళ్లు, పొయ్యిలు చేయడం, పాడైతే బాగుచేయడం నా పని. రజాకార్ల లారీ ఎప్పుడు ఏ ఊరికి వస్తుందో, ఎవరిని ఎక్కించుకుపోతుందో తెలియని రోజులవి.

ఒక రోజు చీకటి పడ్డాక, చెరువులో చేపలు పట్టే యాదయ్య, అతని భార్య బాలమణి దుకాణానికి వచ్చారు. లారీలు పగటిపూటే తిరుగుతున్నాయని, తెల్లవారగానే యాదయ్య తల్లి ఎల్లమ్మను కూడా పడవ ఎక్కించుకుని చెరువు అవతలి జమ్ముగడ్డిలోకి వెళ్లిపోతున్నారట. పొద్దు గూకాకే ఇల్లు చేరడం. ముసలామెకు ముందే ఆయాసం, వానలో తడిసి జ్వరం కూడా తగులుకుంది. ఆమెకు వేడి జావ కాచి పోద్దామని పడవలోనే కట్టెలు వెలిగించారు. జమ్ములోంచి లేచిన పొగను చూసి, అక్కడెవరున్నారని గట్టు మీద ఎవరో ఆరా తీశారట.

"పొగ రావొద్దన్నా. చప్పుడు గూడ రావొద్దు. గసొంటి పొయ్యి ఉంటే ఇయ్యి," అన్నాడు యాదయ్య.

పంపు స్టవ్ వెలిగించి చూపించాను. గాలి కొడితే గ్యాస్‌నూనె, అదే కిరోసిన్, ఆవిరై బర్నర్‌లో, అంటే మంట వచ్చే ఇత్తడి తలలో, నీలంగా మండుతుంది. పొగ ఉండదు కానీ గుయ్యిమని ఒకటే మోత. నీళ్ల మీద ఆ మోత ఎంత దూరం పోతుందో యాదయ్యకు తెలుసు, వద్దన్నాడు. వత్తుల స్టవ్ చప్పుడు చేయదు. అయితే పడవ ఒరిగితే నూనె ఒలుకుతుంది. పక్కనే వలలు, కింద తారు పూసిన చెక్క. పైగా గ్యాస్‌నూనె కంట్రోలు దుకాణంలో దొరికిన రోజే దొరకడం. చివరికి బొగ్గుల కుంపటి ఖాయం చేశాను.

దాన్ని శ్రద్ధగా చేశాను. కింద చెక్క కాలకుండా డబుల్ బాటమ్ పెట్టాను, అంటే ఒకదాని కింద ఒకటిగా రెండు అడుగు రేకులు, మధ్యలో ఇసుక. కాళ్లు వెడల్పుగా వంచి, గిన్నె జారకుండా అంచుకు మూడు కొక్కేలు అతికాను. ఊళ్లో అందరి పొయ్యిలూ పొగలు కక్కే వేళకే ఇంటి దగ్గర రాజేసుకుని, బొగ్గులు ఎర్రబడ్డాక పడవలో పెట్టుకోమని చెప్పాను. చిక్కంతా విప్పేశానని లోపల గర్వంగానే ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం జోరువాన. దాక్కోవాల్సిన యాదయ్య పట్టపగలు బజారు మధ్యలోంచి తల్లిని భుజాన వేసుకుని వచ్చాడు. ఆమెను నా అరుగు మీద పడుకోబెట్టాం. పక్క సందులోని వైద్యుణ్ణి పిలుచుకొచ్చాను. ఆయన అందరినీ జరిపి, ముందు గాలి తగలనివ్వమన్నాడు.

జరిగింది బాలమణి చెప్పింది. జల్లు పడకుండా పడవ కప్పు చుట్టూ గోనెపట్టాలు దించారట. అత్త వణుకుతుంటే కుంపటిని ఆమె పక్కకు జరిపారు. కాసేపటికి ముగ్గురికీ తలనొప్పి. అత్త వాంతి చేసుకుంది, ఆ తర్వాత పిలిస్తే పలకలేదు. బాలమణి ఆ గోనెలన్నీ లాగి పారేసింది. ఒడ్డున ఎవరున్నారో చూడకుండా యాదయ్య తెడ్డు వేశాడు.

రంగూ వాసనా లేని ఆ వాయువు పేరు కార్బన్ మోనాక్సైడ్ అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. కానీ మూసిన గదిలో కుంపటి పెట్టుకోకూడదని మా నాయన ఎప్పుడో చెప్పాడు. ఆ మాట వీళ్లకు చెప్పలేదు. పడవకు తలుపులెక్కడివి అనుకున్నాను.

"నిప్పు గురించి అన్ని చెప్పినవన్నా. గాలి గురించి ఒక్క ముచ్చట గూడ చెప్పకపోతివి," అంది బాలమణి. కోపంగా అనలేదు.

సాయంత్రానికి ఎల్లమ్మ కళ్లు తెరిచి నీళ్లడిగింది. ఆ రోజు బజారులోకి లారీ రాలేదు. వచ్చి ఉంటే ఏమయ్యేదో అని నాకు అన్నం సహించలేదు.

మర్నాడు నేనూ వాళ్ల పడవ ఎక్కాను. అన్నేళ్లుగా పొయ్యిలు చేస్తున్నా, నా పొయ్యి వాడేవాళ్ల మధ్య కూర్చుని చూడటం అదే మొదలు. కప్పు ఎంత కిందికి ఉందో, వాన ఏ వైపు నుంచి కొడుతుందో, ముసలామె ఏ మూల ముడుచుకుంటుందో అప్పుడు తెలిసింది. కుంపటిని కప్పు బయటికి, పడవ ముందు కొసకు మార్చి, పైన రేకు గొడుగు బిగించాను. ముసలామెకు వెచ్చదనం కోసం ఇసుక వేయించి, సంచిలో పోసి కాళ్ల దగ్గర పెట్టమన్నాను.

పోలీసు చర్య జరిగి ఆ భయం తీరేదాకా వాళ్లు అలాగే నెట్టుకొచ్చారు. ముగ్గురూ క్షేమంగా ఒడ్డుకు చేరారు.

అప్పటినుంచి, పొయ్యి పెట్టే చోటు చూడకుండా నేను కుంపటి ఇవ్వలేదు. కొందరు విసుక్కుని వేరే దుకాణానికి వెళ్లిపోయేవారు. ఆ చలికాలమే, బాలింత గదికి కుంపటి కావాలని ఒకాయన వచ్చాడు. వెంట వెళ్లి చూస్తే కిటికీ లేని గది, మంచం మీద పసిబిడ్డ. నిచ్చెన తెప్పించి, పైన నాలుగు పెంకులు తీయించాకే కుంపటి లోపలికి పోనిచ్చాను.