డాక్టరుగారబ్బాయి భుజం

పదహారేళ్ల పిల్లల కోసం ఒక ప్రేమ నవల రాశాను. అందులో పిల్లవాడు ఆరడుగుల పొడుగు. ఉంగరాల జుట్టు, నవ్వితే ఎడమ బుగ్గన సొట్ట. మాట తక్కువ, చదువు ఎక్కువ. విజయవాడలో పెద్ద డాక్టరుగారి ఒక్కగానొక్క కొడుకు. అలాంటివాణ్ణి పుట్టి బుద్ధెరిగి నేను చూడలేదు. చూడలేదు కాబట్టే రాయడం తేలికైంది.

పుస్తకం అచ్చయ్యాక మా ఇంట్లో మొదట చదివింది మా ఆడపడుచు. చదివి, మావారు అన్నం తింటుండగా, "మా అన్నది ఒక్క పోలికన్నా పెట్టలేదేంది వదినా? ఇంతకీ ఎవరా పిల్లోడు, కాలేజీలో చూసినోడా?" అంది. వేళాకోళానికే అంది. నేనూ నవ్వేశాను. ఆయన మాత్రం పెరుగు కలుపుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నారు.

ఆయన పొట్టి. చామనచాయ అని పెళ్లిచూపుల్లో చెప్పారుగానీ నలుపే. నడినెత్తిన జుట్టు ఎప్పుడో సెలవు తీసుకుంది. కాపురం నరసరావుపేటలో, మిరప సాగు రొంపిచెర్ల దగ్గర. మనిషి మంచివారేగానీ పుల్లవిరుపు మాట. ఇన్నేళ్లలో నా రాతలు ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు. అలాంటి మనిషి ఆ రోజు నుంచి కళ్లజోడు పెట్టుకుని, అక్షరాల కింద వేలు జరుపుకుంటూ, రోజుకింత చదవడం మొదలుపెట్టారు.

"చానా పొడుగా?" అని అడిగారొకసారి.

"కథండీ అది."

"కథేలే. ఎవుర్నో ఒకర్ని చూడందే రాస్తారా?"

నాకు ఒళ్లు మండింది. లేనివాడి గురించి ఏమని సంజాయిషీ చెప్పుకోను? చెప్పినకొద్దీ వాడు ఉన్నవాడైపోతాడు. ఊరుకున్నాను. ఆయనా ఊరుకున్నారు. కాఫీ ఇస్తే తాగడం, పొలం వెళ్లడం, అంతే. కోప్పడితే నేనూ నాలుగు అనేదాన్ని. ఆ మౌనం చూసి మాత్రం నిజంగా భయమేసింది.

కోతలయ్యాక కళ్లంలో ఎండు మిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరిస్తున్నారు. నేను క్యారియర్ తీసుకుని వెళ్లేసరికి ఆయన కాయలు ఆరబోసిన పట్టా చివర కూర్చుని పుస్తకం ఆఖరి పేజీల్లో ఉన్నారు.

"ఏమే, ఆ పిల్ల బస్సెక్కి పోతా ఉంటే ఈడు ఏడుస్తాడు చూడు. కన్ను భుజానికి తుడుచుకున్నాడని రాశావు. ఎందుకంట?"

"ఎందుకేంటి? మగపిల్లలు అలాగే తుడుచుకుంటారుగా."

"మిరపకాయలు ఏరేటోళ్లం తుడుచుకుంటాం. చెయ్యి పెడితే కన్ను మండుద్ది గనక. డాక్టరుగారబ్బాయి ఎప్పుడు ఏరాడే మిరపకాయలు?"

నేను కళ్లం వైపు చూశాను. కాయలు ఏరుతున్న ఒకామె తల పక్కకు వంచి, రెప్ప భుజానికి రుద్దుకుంటోంది. మా అమ్మాయిని హాస్టల్‌కి పంపిన రోజు బస్టాండులో ఈయనా అలాగే తుడుచుకున్నారు. అవి మిరప కోతల రోజులు కావు, చేతులు శుభ్రంగానే ఉన్నాయి. లోకంలో మగవాళ్లంతా అలాగే ఏడుస్తారనుకున్నాను. ఏడ్చే మగవాణ్ణి నేను చూసింది ఈయన్నొక్కరినే.

ఆ మాటే ఆయనతో అన్నాను.

ఆయన పుస్తకం మూసి క్యారియర్ మూత తీశారు. "పొడుగు ఎవడిదైతే నాకేంది. భుజం నాది" అన్నారు.

ఆ పూట పెరుగన్నం మళ్లీ అడిగి పెట్టించుకున్నారు.