తుప్పులో నాలుగు వేళ్ళు

ఇప్పుడైతే పెనం మీద కాస్త తుప్పు కనబడినా నా చేతికి పీచు దానంతటదే వచ్చేస్తుంది గానీ, చిన్నప్పుడు తుప్పును పసిబిడ్డలా సాకే ఇంట్లో పెరిగాను. తెక్కలకోటలో మా మామ, లైసెన్సు ఉన్న రైతులకు మూతిలోంచి మందు దట్టించే తుపాకులు చేసేవాడు. (పందుల్ని చంపడానికి కాదు, చప్పుడుతో పొలం దాటించడానికి.) ఇనుప గొట్టాన్ని నున్నగా రుద్ది, ఏదో పులుపు మందు పూసి, తడిగాలికి వదిలేస్తాడు. ఎర్రగా తుప్పు లేస్తుంది. దాన్ని తీగ బ్రష్షుతో గీకి మళ్ళీ పూస్తాడు. అలా పూయగా పూయగా గొట్టం కాచిన బెల్లం రంగుకు తిరుగుతుంది. మరి మా బళ్ళారి ఎండల్లో తడిగాలి ఎక్కడిది? అందుకే గొట్టం మా స్నానాల గదిలో, రెండు చివర్లా చెక్క బిరడాలతో, తాళ్ళకు అడ్డంగా ఊయలలా వేలాడేది. అది ఉన్నన్నాళ్ళూ ఎంత ఉక్కగా ఉన్నా మేము పొగలు కక్కే నీళ్ళే పోసుకోవాలి. "ఆ నీళ్ళు మీకు కాదు, దానికి" అనేవాడు మామ. "చెయ్యి మాత్రం తగలనీయొద్దండి. జిడ్డు తగిలిన చోట రంగు పట్టదు."

ఆ ఏడు హచ్చొళ్ళి పెద్దాయన తుపాకి ఆయుధ పూజనాటికి ఇస్తానని మామ మాటిచ్చాడు. ఆయన మహా పట్టింపు మనిషి. పిడి కట్టెలో చిన్న కణుపు కనబడిందని అంతకుముందు ఒక తుపాకిని గడప దగ్గరే వెనక్కిచ్చేశాడు. ఆయన బాగుందంటేనే ఆ ఊళ్ళో మిగతా రైతులు మామ దగ్గరికి వస్తారు. పూజకు ముందురోజు పొద్దున మామ ఆఖరి పూత పూసి, ఊపిరి పీల్చుకున్నాడు.

అదే పొద్దున అత్త నాకు తలనుంచి పాదాలదాకా నూనె పట్టించింది. తలంటు పెరట్లోనే, గదిలోకి వెళ్ళకూడదు. కానీ వేడినీళ్ళు లోపల కాగుతున్నాయి కదా, ఒక్క చెంబు తెచ్చుకుందామని (అత్త వచ్చేదాకా ఆగొచ్చు, నాకు ఆగడం తెలియదు) వెళ్ళాను. బండ మీద నూనె కాలు జర్రున జారింది. చేతికి దొరికింది పట్టుకున్నాను. ఊగాను కూడా.

సాయంత్రం మామ గొట్టాన్ని వెలుగులోకి తెచ్చి అలాగే నిలబడిపోయాడు. ముదురు రంగు మధ్యలో లేతగా అరచెయ్యి, నాలుగు వేళ్ళు.

"ఎవురిది ఈ చెయ్యి?"

"నన్ను సూస్తాండావేంది? నా చెయ్యి అంత చిన్నదా?" అంది అత్త. "పాప పొద్దున్నించి ఒక్క మాట మాట్లాడలేదు. జరమేమో అనుకుంటాండా."

"జరం కాదు, ఇదే. మ్మే పాపా, ఇట్లా రా."

"జారితి మామా. అది లేకుంటే తల పగిలిపోతా ఉండె."

మామ నన్ను చూశాడు, గొట్టాన్ని చూశాడు. "తల బాగుండాదా?"

"బాగుండాది."

"అయితే రేపు పెద్దప్పకి నువ్వే చెప్పు. నోరుండాది గదా."

మర్నాడు తుపాకి కోసం వచ్చిన పెద్దాయన, ఇంకా కట్టెకు బిగించని గొట్టాన్ని ఎండలో తిప్పి చూసి, "ఏందిది?" అన్నాడు. నేర్చిపెట్టుకున్న మాటలన్నీ మరిచిపోయి, నూనె, బండ, చెంబు, ఊగడం, అంతా ఒక్క ఊపిరిలో కక్కేశాను. మామ నేల చూస్తున్నాడు. పెద్దాయన బిరడాలు తీసి, ఒక కన్ను మూసి గొట్టంలోకి చాలాసేపు చూశాడు.

"యాలాడితివా దీనికి?"

"ఊఁ."

"దారం మాదిరి ఉండాది. యాడా వంగలేదు." మామ వైపు తిరిగాడు. "గట్టి గొట్టమేప్పా. ఆ చెయ్యి అట్లే ఉండనీ. బొట్టు ఆడే పెడ్తా."

ఆయన ఆ సంగతి ఊరంతా చెప్పుకున్నాడు. పండగ తర్వాత బేరానికొచ్చిన రైతు, "రంగు సరే గానీ, మీ పాపని ఒకసారి యాలాడమను" అన్నాడు. మామ నవ్వితే భుజాలు ఊగడం అప్పుడే చూశాను.

మామ ఇప్పుడు ఆ పని మానేశాడు. మొన్న దసరాకు హచ్చొళ్ళి వెళితే పెద్దాయన తుపాకి దించి చూపించాడు. చేతిని చీరకు రెండుసార్లు తుడుచుకుని మరీ ఆ గుర్తు మీద పెట్టాను. నా వేళ్ళు దాన్ని దాటి ఎంతో బయటికొచ్చాయి. కుంకుమ అంటిన ఆ చిన్న చేతిని చూస్తుంటే, ఇంకా ఏదో చెప్పాలని తొందరపడుతున్నట్టే ఉంది.

"ఇప్పుడు మాత్రం యాలాడొద్దు పాపా," అన్నాడు పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "వంగుతాది."