దీవుల బొమ్మల్లో మా అన్న

దొర ఉండే గడి తలుపులు విరిగిన రోజు ఊరంతా వడ్లకూ జొన్నలకూ ఎగబడితే, మా అన్న ఒక ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చాడు. దొర అప్పటికే పట్నం పారిపోయాడు. ఏళ్ల తరబడి ఆ గడిలో వెట్టి చేసినవాళ్లు తమ కష్టాన్ని తామే గంపలకెత్తుకుంటున్నారు. "నువ్వేం తెచ్చినవ్ కొడుకా?" అని అమ్మ ఆశగా అడిగింది. అన్న ఆ పుస్తకం నా ఒళ్లో పడేసి, "చెల్లె చదువుకుంటది," అన్నాడు. అమ్మ నుదురు కొట్టుకుంది. దొర మీదికి జనాన్ని కూడగట్టిన సంఘం వాళ్లు మా వాటా జొన్నలు ఇంటికి పంపారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పూట కాగితాలు ఉడకబెట్టుకోవాల్సి వచ్చేది.

మాది ఆలేరుకు ఒక పూట నడక దూరంలో ఉన్న ఊరు. బాపు నా చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో అమ్మ, అన్న, నేను. నల్గొండలో మేనమామ ఇంట్లో ఉండి కొన్నేళ్లు బడికి పోయాను. ఉర్దూ మీదుగా నేర్చుకున్న ఇంగ్లీషు నాది. అక్షరం నోటికి పలికేది, అర్థం సగమే దొరికేది. గొడవలు ముదిరాక మామ నన్ను తెచ్చి ఇంట్లో దించిపోయాడు. బడి పోయింది, పొలం పని సరిగ్గా రాదు, పెళ్లి మాట ఎత్తడానికి అది కాలం కాదు. కాలుగాలిన పిల్లిలా ఇంట్లోంచి వాకిట్లోకీ వాకిట్లోంచి ఇంట్లోకీ తిరిగేదాన్ని. అలాంటి దానికి ఒక పుస్తకం దొరికింది.

అది దక్షిణ సముద్రంలో దీవులు తిరిగొచ్చిన ఒక తెల్లవాడు రాసింది. నడుమ నడుమ రంగు బొమ్మలు ఉండేవి, ఒక్కోదాని మీద పల్చటి కాగితం కప్పి. ఆకు కప్పిన గుడిసెలు, నీలం కొండలు, నీళ్లు, నడుముకు గుడ్డ చుట్టుకున్న మగవాళ్లు, రాశులు పోసిన పండ్లు. అన్న ఆ బొమ్మలు తిరగేసి నవ్వాడు. "గిట్ల ఉండే జాగ ఉన్నదంటవా?" అన్నాడు. ఉంటే వెట్టి లేకుండానే ఉంటుందని మళ్లీ తనే అన్నాడు.

పోలీస్ యాక్షన్ అయింది. రజాకార్ల పీడ విరగడైందని ఊరు ఊపిరి పీల్చుకునేలోపే మిలిటరీ క్యాంపు వచ్చింది. గడి పగలగొట్టినవాళ్ల కోసం, భూములు పంచినవాళ్ల కోసం వెతుకులాట మొదలైంది. దొర కూడా తిరిగొచ్చాడు, ఈసారి కాంగ్రెసు వాళ్ల తెల్ల టోపీ పెట్టుకుని. అన్న అడవికి పోయాడు. అమ్రాబాద్ అవతల, నల్లమలలో ఎక్కడో ఉన్నాడని మాత్రం చెవిన పడింది. ఆ తర్వాత ఏ కబురూ లేదు.

గడి పుస్తకం ఇంట్లో దొరికితే అన్న మీద ఇంకో నేరం పడుతుంది. పొయ్యిలో పెట్టేద్దామన్నాను. అమ్మ దాన్ని గుమ్మిలోంచి తీసింది, జొన్నల అడుగున తానే దాచింది మరి. దుమ్ము దులుపుతూ ఒక బొమ్మ దగ్గర ఆగిపోయింది.

"గిది అమ్రాబాద్ దిక్కేనా బిడ్డా?"

నాకు నవ్వొచ్చింది. కానీ అమ్మ మొహంలో నవ్వు లేదు. ఎండాకాలం గొర్రెలను నల్లమలకు తోలుకుపోయే గొల్లలు తిరిగొచ్చి చెప్పే మాటలే అమ్మకు తెలిసిన అడవి. ఆకు గుడిసెలు, ఒంటి మీద గోచి, తేనె, పండ్లు, కొండలు. అవన్నీ ఆ బొమ్మలో ఉన్నాయి.

"కాదమ్మా, ఇది సముద్రం. భూమికి ఆ చివర," అన్నాను.

"సముద్రమా? వానకాలంల క్రిష్ణ గూడ గంతనే ఉంటదంట."

బొగ్గు తీసుకుని నేల మీద భూగోళం గీశాను, మనం ఇక్కడ, వాళ్లు అక్కడ అని. అమ్మ ఓపికగా చూసి, "నీకు ఇంగిలీసు సగమే తెలుస్తదని నువ్వే అంటివి గద. ఆ సగంల రాసుంటది తీ," అంది. పుస్తకాన్ని పొయ్యిలో పెట్టే మాట మళ్లీ ఎత్తనివ్వలేదు. కొడుకు ఉన్న చోటిని తగలబెడతారా ఎవరైనా?

అప్పటినుంచి మధ్యాహ్నాలు తలుపు దగ్గరికి వేసి నాచేత చదివించుకునేది. మిగతాదంతా అక్కర్లేదు ఆమెకు. "తినేటిదేముందో చదువు," అనేది. చెట్టుకు కాసే ఒక పెద్ద కాయను నిప్పుల్లో కాలిస్తే రొట్టెలా ఉంటుందని రాసి ఉంది. అమ్మ కళ్లు మెరిశాయి. "చెట్టుకే రొట్టెలా? ఇసురుడు లేదు, పిసుకుడు లేదు," అంటూ తన అరచేతులు చూసుకుంది. తెల్లారుజామునే లేచి విసుర్రాయి తిప్పి తిప్పి కాయలు కాసిన చేతులవి. "మంచిగ తింటున్నడు తీ వాడు," అని లేచి పనిలో పడేది. ఆ పూట జొన్న గటక నాలుగు ముద్దలు ఎక్కువ తినేది.

ఆమెకు కుదురు దొరికింది. నాకు ఉన్నదీ పోయింది. చదివేకొద్దీ ఆ తెల్లవాడి మీద మండిపోయేది. అక్కడివాళ్లకు రేపటి చింత లేదట, కష్టం తెలియదట, పిల్లల్లాంటివాళ్లట, పాడతారు, ఆడతారు, నిద్రపోతారట. మరి ఆ గుడిసె మీద ఆకు ఎవరు కప్పారు? చాప ఎవరు అల్లారు? పిల్లకు జ్వరమొస్తే ఎవరు మేలుకున్నారు? ఆయన తాగిన కొబ్బరికాయను ఎవడు ఎక్కి దింపాడో ఒక్క ముక్క లేదు. చెట్టెక్కడం ఎంత హాయో మా ఊళ్లో కల్లు గీసే గౌండ్లవాళ్లను అడిగితే చెప్పేవాళ్లు. తలమీద గంప పెట్టుకున్న పిల్ల నడక చూసి అరపేజీ మురిసిపోయాడు గానీ, ఆ గంపలో ఏముందో ఎంత బరువో అడగలేదు. పెంటగంప మోసిన మెడ నాది. ఆ నడక ఎందుకొస్తుందో నాకు తెలుసు.

అంతా కడుపు నిండిన బేరం. దూరపు కొండలు నునుపు అని మనవాళ్లు ఊరికే అనలేదు. దొర గడిలో ఈ పుస్తకం ఎందుకుందో కూడా ఆలోచించేదాన్ని. మేడ మీద కూర్చుని వింటే నాటేసే ఆడవాళ్ల పాట దొరకూ హాయిగానే ఉండి ఉంటుంది. తర్వాతి కాలంలో అలాంటి పుస్తకాలు ఇంకొన్ని దొరికితే చదివాను. ఓడల వెంట వచ్చిన రోగాలకు ఆ దీవుల్లో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయట. బొమ్మలు వేసేవాళ్లు వెళ్లేనాటికి అక్కడి ఆడవాళ్లు చాలామంది పాదాల దాకా గౌన్లు తొడుగుతున్నారట. బొమ్మల్లో మాత్రం తొడగనివ్వలేదు.

ఆ గౌను లేని బొమ్మ ఒకటి మా పుస్తకంలోనూ ఉండేది. సిగ్గుతో ఆ చోట రెండు కాగితాలు కలిపి తిప్పేసేదాన్ని. ఒకరోజు నేను నీళ్లకు పోయొచ్చేసరికి అమ్మే పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఆ పేజీయే తెరిచి ఉంది. తిట్లు తప్పవనుకున్నాను. అమ్మ ఆ పిల్ల ఒంటిని చూడటం లేదు. చెవి వెనక ఉన్న పువ్వునూ, ఆ మొహాన్నీ చూస్తోంది.

"ఈ పువ్వు ఈ పిల్ల పెట్టుకున్నది కాదు. ఎవలో పెట్టుకొమ్మన్నరు," అంది.

"నీకెట్ల తెలుసు?"

అమ్మ అంతకుముందెన్నడూ చెప్పని సంగతి అప్పుడు చెప్పింది.

"మీ అన్న చంటిపిలగాడు. గడికి పట్నం నుంచి సుట్టాలొచ్చిన్రు, వాళ్లల్ల ఒక తెల్లోడు. పండుగ కాదు పబ్బం కాదు, బతుకమ్మ పేర్చుకొని రాండ్రని కబురు. దొర పిలిస్తె పోకుంట ఉంటమా? పోయి ఆడినం. గా తెల్లోడు ఫోటు డబ్బ తెచ్చి నిలవెట్టిండు. బతుకమ్మల నుంచి తంగేడు పువ్వులు గుంజి చెవులల్ల పెట్టుకొమ్మన్నడు. పేర్చినంక అది అమ్మవారు గద బిడ్డా. నీళ్లల్ల సాగనంపేదాంక పువ్వు కదిలిస్తమా? జంకినం. దొర మనిషి కట్టె పట్టుకొని వచ్చి నిలవడ్డడు. గుంజినం, పెట్టుకున్నం. నవ్వుమన్నడు. నవ్వినం."

బొమ్మ మీదికి పల్చటి కాగితాన్ని లాగింది.

"మీ అన్న పాలకేడుస్తున్నడు ఇంట్ల. ఏడుపు గడిదాంక ఇనవడ్తాంది. నా రైక తడిసిపోయింది. పైట గుంజి కప్పుకొని నవ్విన."

ఏ దేశంలోనో ఎవరింట్లోనో మా అమ్మ ఫోటో ఉండి ఉంటుంది. తంగేడు పువ్వు పెట్టుకుని నవ్వుతున్న మా అమ్మను చూసి, వీళ్లకు ఏ బాధా తెలియదు కదా అని ఎవరో మురిసిపోయి ఉంటారు. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఏడుపూ వస్తుంది.

అమ్మ పుస్తకం మూసింది. "గీ నవ్వు అబద్ధమైతే గా పండ్లు గూడ అబద్ధమే," అంది. తర్వాత నావైపు తిరిగి, జవాబు నా దగ్గరే ఉన్నట్టు, "వాడు తింటున్నడా బిడ్డా?" అని అడిగింది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఇద్దరం కాలుగాలిన పిల్లులమే. అమ్మ ముద్ద నోటి దగ్గరికి తెచ్చి పళ్లెంలో పడేసేది. నల్లమల దిక్కు పోయే ప్రతి గొల్ల మూటలోనూ జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం కట్టి పంపేది. వాళ్లకు అన్న దొరికాడో లేదో, ఆ రొట్టెలు దారిలో వాళ్లే తిన్నారో ఏమో. తిరిగొచ్చినవాళ్లు కళ్లలో కళ్లు పెట్టి చూసేవాళ్లు కాదు. బస్సు మోత వినపడినా, కుక్క మొరిగినా అమ్మ వాకిట్లో ఉండేది.

క్యాంపు వాళ్లు ఇల్లు సోదా చేయడానికి వచ్చారు. గుమ్మి బోర్లించారు. పుస్తకం బయటపడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. సిపాయి దాన్ని అటూ ఇటూ తిప్పాడు. బొమ్మలు చూశాడు. పక్కవాడిని పిలిచి చూపించాడు. ఇద్దరూ ఇకిలించుకుంటూ పుస్తకాన్ని చంకన పెట్టుకుని పోయారు. అది గడిదని వాళ్లు అడగనే లేదు. అమ్మ నేల మీది జొన్నలు ఎత్తుతూ, "ఆ పిల్లను గూడ పట్టుకపోయిన్రు," అంది.

తర్వాతి వానాకాలంలో కబురొచ్చింది. అన్న పట్టుబడ్డాడు, ప్రాణంతో ఉన్నాడు, నల్గొండ జైల్లో పెట్టారు. మేనమామ ఎవరెవరి కాళ్లో పట్టుకుంటే ములాఖత్ దొరికింది. పొద్దున్నే పోయి, జైలు గోడ పక్కన నిలబడి నిలబడి, చివరికి లోపలికి పోయాం.

ఊచల అవతల నిలబడ్డ మనిషిని నేను పోల్చుకోలేదు. తల గొరిగి ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. మెడ బొమికలు లెక్కపెట్టొచ్చు. మమ్మల్ని చూసి అతను నవ్వాడు, అప్పుడు అన్నే అని తెలిసింది.

"మంచిగున్న అమ్మా, ఫికర్ చెయ్యకు," అన్నాడు. "అడివిల ఏం తక్కువ? తేనె ఉండె, పండ్లు ఉండె. ఏట్ల చాపలు పట్టుకుంటిమి. చెంచోళ్లు పాణం లెక్క జూసుకున్నరు. పాటలు గూడ వాడుకుంటిమి." చెప్తున్నంతసేపూ పళ్లన్నీ కనపడేలా నవ్వుతూనే ఉన్నాడు.

అమ్మ కొడుకు మొహాన్నే చూస్తూ నిలబడింది.

"నవ్వకు కొడుకా," అంది. "నవ్వకుంట చెప్పు."

అన్న నవ్వు ఆగిపోయింది. నేల చూశాడు.

"ఆకలైతుండె అమ్మా. మస్తు ఆకలైతుండె. చెంచోళ్లకే లేకుండె, మాకేడికెళ్లి పెడ్తరు? నా తోటోడు ఒకడు జరమొచ్చి గంజినీళ్లు గూడ లేక నా ఒళ్లనే పాయె."

జవాను టైం అయిపోయిందన్నాడు. అమ్మ ఊచల్లోంచి చెయ్యి పెట్టి అన్న గడ్డం పట్టుకుంది.

"ఇంక చెప్పు," అంది.