సుగుణ టీచర్ గారు రాయని నా పేరు

మా చిన్నప్పుడు ఫిబ్రవరి వచ్చిందంటే మా బడి డ్రాయింగ్ రూములో ఫ్యాను ఆపేసేవారు... వార్షికోత్సవానికి సర్టిఫికెట్లు రాసేది ఆ గదిలోనే. ఫ్యాను తిరిగితే అట్టలు ఎగిరిపోయి, తడి సిరా అలుక్కుపోయేది.

రాసేది మా డ్రాయింగ్ టీచర్ సుగుణ గారు. పాలకొల్లు దగ్గర మా ఊరు. బహుమతి వచ్చిన పిల్లలందరి పేర్లూ ఆవిడే ఇంగ్లీషులో చేత్తో రాసేవారు. చర్చిలో పెళ్ళయితే ఆ సర్టిఫికెట్టూ ఆవిడ దగ్గరికే వచ్చేది. చెమట అంటకుండా ముంజేతి కింద తువ్వాలు మడిచి పెట్టుకుని, చెక్క పిడికి బిగించిన పాళీని నల్ల సిరాలో ముంచి రాస్తుంటే... అక్షరాలన్నీ కుడివైపుకి వాలి, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడిచేవి.

తడారని అట్టల్ని బెంచీల మీద పరిచే పని నాది. "కిందికి దిగేటప్పుడు నొక్కాలమ్మా... పైకెళ్ళేటప్పుడు వదిలెయ్యాలి. అప్పుడే లావూ సన్నమూ వస్తాయి" అనేవారు. ఇంకో మాట కూడా చెప్పేవారు. "ఈ రాతలో పెద్దక్షరం, అదే క్యాపిటల్ లెటరు, పేరుకి మొదట్లోనే ఉండాలి. దానికి మెలికలెక్కువ. అన్నీ పెద్దవే పెడితే ఒకదాన్నొకటి తోసుకుంటాయి." ఊఁ కొట్టాను, అక్కడితో మర్చిపోయాను.

నా పేరు సత్య మాణిక్యాంబ. మా నాయనమ్మ పేరు. క్లాసు నిండా స్వాతులూ ప్రియలూ ఉంటే నాకే ఈ పేరెందుకని ఇంట్లో పోట్లాడేదాన్ని. సుగుణ గారు మాత్రం, "నీ పేరు రాయడానికి ఎంత బావుంటుందో తెలుసా... పైకి లేచే అక్షరాలున్నాయి, కిందికి జారేవీ ఉన్నాయి. నీకు ప్రైజు రానీ, అందరివీ అయ్యాక ఆఖర్న రాస్తాను, చెయ్యి బాగా సాగాక" అన్నారు. అప్పటినుంచీ నాకు ప్రైజు కంటే ఆ పేరు మీదే ఆశ. తొమ్మిదో తరగతిలో వ్యాసరచనలో ఫస్టు వచ్చింది.

సరిగ్గా అప్పుడే నా తెలివి తెల్లారింది.

అంతకుముందు వేసవి సెలవుల్లో పాలకొల్లులో కంప్యూటర్ కోర్సు చేశాను. అందులో సుగుణ గారి రాతలాంటి ఫాంటు ఒకటి కనబడింది. ఉండబట్టలేక హెడ్మాస్టర్ గారి దగ్గరికెళ్ళి, "సార్, టీచర్ గారి అక్షరాల్లాంటివే కంప్యూటర్లో ఉన్నాయండి. ఒక్క పూటలో అయిపోతాయండి" అన్నాను. గొప్ప కోసం అన్నాను. ఆవిడ పని ఊడగొడుతున్నానని తట్టనైనా తట్టలేదు.

హెడ్మాస్టర్ గారు సరేనన్నారు. పేర్ల జాబితా సుగుణ గారే తెచ్చి ఇచ్చారు. "మంచిదేగా, నా కళ్ళకీ విశ్రాంతి. ప్రింటు తీసేముందు ఓసారి నాకు చూపించమ్మా" అన్నారు. అలాగేనండి అన్నాను. చూపించలేదు. టైము లేక కాదు... నాకు తెలియందేముందిలే అని.

రిజిస్టర్లలో, మార్కుల లిస్టుల్లో పేరంటే అన్నీ పెద్దక్షరాలే కదా. నేను కోర్సు చేసిన కంప్యూటర్ సెంటర్లో కూర్చుని, ఆ అలవాటున అన్నీ పెద్దక్షరాల్లోనే కొట్టేశాను. తెర మీద ఆ మెలికలు చూసి మురిసిపోయాను. అందరి పేర్లూ నాకు ముందే తెలుసు కాబట్టి, కొత్తవాళ్ళు చదవలేరని తోచనే లేదు. పైగా జాబితా కూడా ఆ సెంటర్లోనే వదిలేసి వచ్చాను.

వార్షికోత్సవం రోజు చీఫ్ గెస్టు గారు మొదటి సర్టిఫికెట్టు తీసుకుని, దూరం పెట్టి చూశారు, దగ్గర పెట్టి చూశారు. "ఇదేం రాతండీ... పేరు ఎక్కడ మొదలైందో తెలియట్లేదు" అన్నారు, మైకులోనే. పిల్లలు గొల్లుమన్నారు. హెడ్మాస్టర్ గారు ప్రయత్నించి ఆయనా ఆగిపోయారు. వరుసలో నిలబడ్డ నేను ముందున్న పిల్ల వెనక్కి నక్కాను.

అప్పుడు వెనక కుర్చీల్లోంచి సుగుణ గారు లేచి వచ్చారు. కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్క సర్టిఫికెట్టే తీసి, నెమ్మదిగా, ఒక్క పేరూ తప్పకుండా చదివారు. ఆఖర్న నాది వచ్చింది. "సత్య మాణిక్యాంబ" అని చదివి, నావైపు చూశారు. నాలుగు తిట్టినా బావుండేది. "వ్యాసం బాగా రాశావటమ్మా" అన్నారంతే.

మరుసటి ఏడు పెద్దక్షరాలు సరిచేసి మళ్ళీ కంప్యూటర్ మీదే కొట్టించారు. డ్రాయింగ్ రూములో ఫిబ్రవరిలోనూ ఫ్యాను తిరిగింది.

నేను బడి వదిలేదాకా ఆవిడ అక్కడే ఉన్నారు. నా పేరు ఒక్కసారి రాసివ్వండి అని అడిగితే రాసేవారే. ముఖం చెల్లక అడగలేదు... రిటైరయ్యాక తునిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కడే పోయారని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు ఏ పెళ్ళి కార్డు చూసినా ఆ ఫాంటే. అదీ ఎవరో ఒకప్పుడు పాళీతో రాసిన రాతను చూసి తయారు చేసిందేనట. కానీ దాంట్లో ఎన్నిసార్లు కొట్టినా అదే అక్షరం, అదే తోక. సుగుణ గారి చివరి అక్షరం తోక పేరును బట్టి మారేది... చిన్న పేరైతే పొడుగ్గా సాగేది, పొడుగు పేరైతే పొట్టిగా ముడుచుకునేది. నా పేరుకి ఎలా వచ్చేదో నాకు ఎప్పటికీ తెలియదు.

మొన్న మా అమ్మాయి పాత ఫైలు తిరగేస్తూ, "అమ్మా, ఈ సర్టిఫికెట్టు ఎవరిది? పేరు తెలియట్లేదు" అంది. నాదేనన్నాను.

మా వైపు చదువుకున్నవాళ్ళెవరైనా ఇది చూస్తే... మీ ట్రంకు పెట్టెల్లో, పాత ఫైళ్ళలో ఆవిడ చేత్తో రాసిన సర్టిఫికెట్టు ఉంటే ఫొటో తీసి కింద కామెంట్లలో పెట్టండి. ఎవరి పేరైనా సరే. నా దగ్గర ఆవిడ రాసింది ఒక్క అక్షరమూ లేదు.